నీలం సుద్ద

మనిషి ఎంత గుట్టుగా బతికినా వాడి దుప్పటి మాత్రం అన్నీ చెప్పేస్తుంది. పెద్ద లాండ్రీలో మరకల బల్ల దగ్గర పనిచేసే ఆమెకు ఈ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ మూటలుగా వచ్చే గుడ్డల్ని ముందు ఆమే చూడాలి. ఏది టీ, ఏది తుప్పు, ఏది మందు, ఏది నెత్తురు అన్నది చూపుతోనే తేల్చాలి. దేన్ని చన్నీళ్లలో నానబెట్టాలో, దేన్ని వేణ్ణీళ్లలో వెయ్యాలో చెప్పాలి. నెత్తురు మరకని వేణ్ణీళ్లలో వేశారో, ఇక ఆ దుప్పటి చిరిగేదాకా ఆ మరక దాంతోనే ఉంటుంది. అందుకే ఆమె చూడనిదే మిషన్లలోకి ఏదీ వెళ్లదు. అక్కడ అందరూ ఆమెను మరకలక్క అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని ఎలా ఉంటుందో అనుకుంటూ వస్తారు. వచ్చి చూస్తే, ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉన్న ఒక పొట్టి మనిషి.

ఆమె మొగుడు సోఫాలు కుట్టే మేస్త్రి. వీధి వైపున్న గది ఆయన కొట్టు, దాని పక్కనా వెనకా ఉన్న రెండు గదులు కాపురం. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తలుపు ఉందన్న మాటే గానీ, స్పాంజి పొడికి తలుపులు ఒక లెక్కా? మంచం కింద స్పాంజి, చెప్పుల్లో స్పాంజి, ఒక్కోసారి అన్నంలోనూ స్పాంజి. పైగా ఆయన చేతికెప్పుడూ నీలం సుద్ద ఉంటుంది. గుడ్డ మీద గీతలు గీసి కత్తిరించే పని కాబట్టి ఆ సుద్ద పొడి వేళ్ల సందుల్లో ఊరిపోయి ఉంటుంది. పెళ్లైన కొత్తలో ఆవిడ తలుపుల మీదా గ్లాసుల మీదా ఆ నీలం వేలిముద్రలు తుడిచీ తుడిచీ విసిగిపోయింది. “దొంగతనానికి మాత్రం పనికిరారు మీరు. ఇట్టే దొరికిపోతారు,” అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇక పిల్లుల సంగతి. ఆ లాండ్రీకి గుడ్డలు పంపేవాళ్లలో జంతువుల ఆసుపత్రి ఒకటుంది. అక్కడి డాక్టరమ్మ ఒకరోజు తువ్వాళ్ల మూటతోపాటు ఒక బుట్టా పట్టుకొచ్చింది. బుట్టలో ముసలి పిల్లి. దానికి లుకేమియా వైరస్ సోకిందట. అది ఒంట్లో నెత్తురు పుట్టనివ్వదు, చిన్న జబ్బుని కూడా తట్టుకోనివ్వదు. నయం చేసే మందు లేదు. మనుషులకి అంటదు గానీ, ఉమ్మి తగిలితే ఇంకో పిల్లికి అంటుకుంటుంది. పెంచినవాళ్ల ఇంట్లో ఇంకా పిల్లులున్నాయి, ఆసుపత్రిలో చెప్పనే అక్కర్లేదు.

“పిల్లుల్లేని ఇల్లు ఒకటి కావాలండీ. ఇది ఎక్కువ రోజులుండదు. ఉన్నన్నాళ్లు వెచ్చగా ఉంటే చాలు,” అంది డాక్టరమ్మ. లాండ్రీలో ఎవరైనా ముందుకొస్తారేమోనని ఆవిడ ఆశ.

మరకలక్క బుట్టలోకి తొంగిచూసింది. “మా ఇంట్లో పిల్లుల్లేవు. ఒక మేస్త్రి ఉన్నారు. ఆయనకి అంటదుగా?”

అలా మొదలైంది. ఇంటికి తీసుకెళ్లగానే మేస్త్రి ఇంతెత్తున లేచాడు. “పిల్లులు చింపిన సోఫాలు కుట్టి బతుకుతున్నాను నేను. ఇప్పుడు నా సోఫాలు నేనే చింపించుకోవాలా?” అన్నాడు. ఆ పిల్లి చింపేంత ఓపిక ఉన్నది కాదు. బల్ల కింద కూర్చుని, రావలసిన ఉత్తరమేదో రానట్టు మొహం పెట్టేది. రెండు రోజులు కోపంగా దాన్నే చూసి, మూడోరోజు ఆయన మిగిలిన స్పాంజి ముక్కలతో దానికో పరుపు కుట్టాడు. “పోస్టుమాస్టర్ గారు నేల మీద పడుకుంటే మర్యాద కాదు,” అన్నాడు. అప్పట్నుంచీ ఆ ఇంటికొచ్చిన పిల్లులన్నిటికీ ఆయనే ఉద్యోగాలిస్తాడు. పోస్టుమాస్టర్ తర్వాత కంపౌండర్, ఆ తర్వాత ఒక ఆడ తహసీల్దార్. పిల్లికి కూడా బిచ్చం పెట్టని మనుషులున్న లోకంలో పిల్లులకి ఉద్యోగాలిచ్చినవాడు ఈయనొక్కడే.

ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ ఆ జబ్బువే. ఒకటి ఉండగా ఇంకోదాన్ని తెచ్చేవాళ్లు కాదు. మేస్త్రి అక్కగారు ఎప్పుడొచ్చినా బుగ్గలు నొక్కుకునేది. “కోరి కోరి చావుని ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా. బతికి బట్టకట్టే పిల్లినొకదాన్ని పెంచుకోకూడదూ?”

“అలాంటివాటిని అందరూ పెంచుతారు వదినా,” అని మరకలక్క కాఫీ ఇచ్చేది. వదిన కాఫీలో స్పాంజి ముక్క తేలుతోందని గొణుక్కుంటూ తాగేది.

ఆ పనిలో గొప్పలేమీ లేవు. తిండి కాస్త వెచ్చబెట్టాలి, వాసన తగిలితేగాని జబ్బు పిల్లి మూతి పెట్టదు. దొడ్డికెళ్లడానికి పెట్టే మట్టి తట్ట అంచు తక్కువగా ఉండాలి, కాలెత్తి దాటలేదు కాబట్టి. వేడినీళ్ల సీసాకి పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టాలి. ఒళ్లు నాక్కోవడం మానేస్తే తడిగుడ్డతో అచ్చం నాలుకలాగే, వెంట్రుక వాలుగా, మెల్లగా తుడవాలి. ఇవన్నీ ఆమెకి చేతనైనవే. కష్టమైంది మాత్రం ఒకటే, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం.

దానికి డాక్టరమ్మ మొదట్లోనే ఒక దారి చెప్పింది. “ప్రతి పిల్లికీ ఇష్టమైన పనులు మూడుంటాయి. వచ్చిన వారంలోనే అవేవో కనిపెట్టండి. అందులో రెండు మానేసిన రోజున నాకు ఫోన్ చెయ్యండి, వచ్చి సూది వేసి బాధ లేకుండా సాగనంపుతాను. ఆ తర్వాత దాని ప్రాణాన్ని లాగితే మన కోసమే తప్ప దాని కోసం కాదు.” మరకలక్కకి ఆ మాట నచ్చింది. పోస్టుమాస్టర్ దగ్గర్నుంచి తహసీల్దార్ దాకా ఏ ఒక్కరి విషయంలోనూ ఆమె ఆలస్యం చెయ్యలేదు. కళ్లు తుడుచుకుంటూనే ఫోన్ చేసేది. ఇలాంటి పిల్లుల్ని తీసుకున్న తక్కినవాళ్లకి డాక్టరమ్మ ఈవిణ్ణే ఉదాహరణగా చూపించేది.

ఆ తర్వాత వచ్చాడు ఇన్‌స్పెక్టర్.

ఒళ్లంతా తెలుపు, తోక ఒక్కటే బూడిదరంగు. వచ్చిన రోజే కొట్టులోకి నడిచి, కుట్టడం అయిపోయిన సోఫా ఎక్కి, ఈ మూల నుంచి ఆ మూల దాకా వాసన చూసి, మధ్యలో కూర్చుని, బాగోలేదన్నట్టు దిగిపోయాడు. మేస్త్రి నోరెళ్లబెట్టాడు. వెళ్లి చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే ఒక చోట స్పాంజి పల్చబడింది. విప్పి మళ్లీ కుట్టాడు. ఈసారి వాడు ఎక్కి నిద్రపోయాడు. ఆ రోజు నుంచి ఇన్‌స్పెక్టర్ నిద్రపోనిదే ఏ సోఫా గుమ్మం దాటేది కాదు. “మా ఇన్‌స్పెక్టర్ గారింకా సంతకం పెట్టలేదండీ, రేపు రండి,” అని వచ్చినవాళ్లని తిప్పి పంపేవాడు. వాళ్లు ఈయనకి మతి చెడిందనుకునేవారేమో గానీ సోఫాలు మాత్రం ఇక్కడికే తెచ్చేవారు.

వాడి మూడు పనులూ ఆమె తొందరగానే కనిపెట్టింది. ఒకటి, గంటల తరబడి ఒళ్లు నాక్కుని మల్లెపువ్వులా మెరవడం. రెండు, ఉడికించిన చేప. మూడోది కిటికీ. కొట్టు పక్కనున్న గది కిటికీకి వెడల్పైన గట్టు ఉంది. సాయంత్రం ఆమె పని నుంచి వచ్చే వేళకి వాడు ఒక్క గెంతులో ఆ గట్టెక్కి ఊచల పక్కన కూర్చునేవాడు. వీధి మలుపు తిరగ్గానే ఆమెకి ముందు కనిపించేది ఆ తెల్లటి బొమ్మే. రోజంతా బ్లీచ్ వాసన పీల్చి, కాళ్లు పీకుతూ వచ్చే మనిషికి ఎవరో ఎదురు చూస్తున్నారంటే ఎలా ఉంటుంది! సంచీ బరువు కూడా తెలిసేది కాదు. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. ఆ మాట వాళ్లెప్పుడూ పైకి అనుకునేవాళ్లు కాదు గానీ, ఇన్‌స్పెక్టర్‌ని ఆమె తక్కినవాటికంటే ఎక్కువగా ప్రేమించింది. మేస్త్రి సంగతి ఇక చెప్పేదేముంది?

చలి ముదిరేసరికి వాడు తగ్గిపోసాగాడు. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు తెలిసేవి. మల్లెపువ్వు మాసింది, ఒళ్లు నాక్కోవడం మానేశాడు. ఒక పని పోయింది. చేప మాత్రం మెల్లమెల్లగా తినేవాడు, ఒక్కోరోజు నాలుగు తునకలే, అయినా తినేవాడు. కొట్టులో సోఫాలు వాడి సంతకం లేకుండానే వెళ్లిపోతున్నాయి. సాయంత్రాలు మాత్రం, ఒక్కరోజు తప్ప, మలుపు తిరగ్గానే కిటికీలో వాడు కనిపించేవాడు. అమ్మయ్య అనుకుని ఆమె అడుగు వేగం పెంచేది.

డాక్టరమ్మ ఫోన్ చేసి అడిగింది. “చిగుళ్లు కాగితంలా తెల్లబడ్డాయన్నారు కదా. కిటికీ ఎక్కుతున్నాడా?”

“రోజూ ఎక్కుతున్నాడు.”

“ఆశ్చర్యంగా ఉందే. దానంతట అదేనా?”

“నేనొచ్చేసరికే ఎక్కి కూర్చుంటున్నాడండీ.”

“మొండిఘటమే. సరే, ఇంకొన్నాళ్లు చూద్దాం.”

ఆ మాట చెప్తే మేస్త్రి తల వంచుకుని సుత్తి కోసం వెతికాడు. సుత్తి ఆయన చేతిలోనే ఉంది. ఆమె నవ్వింది, ఈయనకీ వయసు మీద పడుతోందనుకుంది.

అలా రోజులు గడిచాయి. ఒక సెలవు రోజు పొద్దున ఆమె తీరిగ్గా కూర్చుని ఇన్‌స్పెక్టర్‌ని ఒళ్లో వేసుకుని గోరువెచ్చటి గుడ్డతో తుడవసాగింది. మెడ తుడిచింది, వీపు తుడిచింది, పక్కలు తుడిచింది. గుడ్డ నీలంగా మారింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. వాణ్ణి వెలుతురులోకి తిప్పింది. ఒక పక్క, పక్కటెముకల మీద, నాలుగు నీలపు చారలు. రెండో పక్క ఒకే ఒక్క మచ్చ, బొటనవేలంత. ఒక చేతి పట్టు అది. ఎవరో వాణ్ణి రెండు పక్కలా పట్టుకుని పైకెత్తారు. ఒకసారి కాదు, పాత నీలం మీద కొత్త నీలం పేరుకుంది.

మరకల బల్ల దగ్గర జుట్టు నెరిసిన మనిషికి దాన్ని చదవడానికి ఎంతసేపు పడుతుంది? చదివింది. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నీలం గుడ్డ ఈ రోజే మొదలు కాదు. వారం నుంచీ తుడిచిన గుడ్డలన్నీ అంతో ఇంతో నీలంగానే ఉన్నాయి. కొట్టులో తిరిగే పిల్లి కదా, ఎక్కడో రాసుకుని ఉంటుందిలే అనుకుని జాడించి ఆరేసింది. కొట్టులోకి నడిచే ఓపికే వాడికి లేదని ఆమెకి తెలియదా? తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని అందరూ ఎగతాళి చేస్తారు. ఆ ఇంట్లో పిల్లి కళ్లు తెరిచే ఉంది పాపం, మూసుకున్నది వీళ్లిద్దరే.

ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, ఇన్ని సాయంత్రాలూ వాడు గట్టు మీద కదలకుండా కూర్చున్నది తన కోసమని ఆమె మురిసిపోయింది. దిగలేక కూర్చున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. వాడి తల నిమురుతూ, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. పక్క గదిలో మేస్త్రి మేకులు కొడుతున్నాడు.

ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఆయన అబద్ధమాడతాడు, ఆ తర్వాత ఇద్దరికీ కష్టంగా ఉంటుంది. వంట చేసింది, ఆయనకి పెట్టింది, తను తిన్నది. సాయంత్రం కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీలో బట్టలు మడత పెడుతూ కూర్చుంది.

వెలుతురు వాలే వేళకి ఇన్‌స్పెక్టర్ పరుపు మీంచి తల ఎత్తాడు. కిటికీ వైపు చూశాడు. ముందుకాళ్లు కూడదీసుకుని, నడుము కొంచెం పైకి లేపి, అలాగే కాసేపు వణికి, మళ్లీ కూలబడ్డాడు. అప్పుడే మేస్త్రి గుమ్మంలోకొచ్చాడు. ఆమెని చూసి తడబడ్డాడు.

“ఇదిగో, తెల్లదారం అయిపోయింది. కాస్త వెళ్లి తెస్తావా?” అన్నాడు.

“నిన్ననేగా తెచ్చారు.”

“అది లావుగా ఉంది.” పక్కకి చూశాడు. “పోనీ పాలు తెస్తావా?”

“పాలున్నాయి.”

ఆయనకి ఇంకేం తెప్పించాలో తోచలేదు. గుమ్మంలో నిలబడి చేతులు నులుముకున్నాడు, నీలం పొడి నేల మీద రాలింది. ఆమె చేతిలోని చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది.

“రోజూ ఎక్కిస్తున్నారుగా. ఈవేళ నా ముందే ఎక్కించండి,” అంది.

మేస్త్రి గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

“ఎవరు చెప్పారు?”

“మీ వేళ్లే చెప్పాయి. దొంగతనానికి పనికిరారని ఎప్పుడో అన్నానుగా.”

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. “ఒకరోజు వాడు ఎక్కలేకపోయాడే. నువ్వు మలుపు తిరిగి కిటికీ వైపు చూశావు. నేను కొట్టులోంచి చూస్తున్నా. ఖాళీగా ఉండేసరికి నీ మొహం... సంచీ అక్కడే కింద పెట్టేశావు, గుర్తుందా? చెప్పు తెగిందన్నావు నాతో. చెప్పు తెగలేదని నాకు తెలుసు. ఆ మొహం ఇంకోసారి చూడలేననిపించింది. మర్నాడు ఎత్తి కూర్చోబెట్టా. నువ్వు లోపలికొచ్చి పెరట్లో కాళ్లు కడుక్కునేలోగా దించేవాణ్ణి. అంతే.”

“వాడు మూలిగేవాడా? ఎత్తినప్పుడు?”

అబద్ధం చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. “ఈ నాలుగు రోజుల్నించీ మూలుగుతున్నాడు,” అన్నాడు.

ఆమెకి కోపం రావాలి. రాలేదని కాదు, వచ్చింది. ఆ వచ్చిన కోపంలో సగం తన మీదే. మిగతా సగం ఆయన మొహం చూసి ఎటుపోయిందో తెలియలేదు. లేచి వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా పిల్లి. తర్వాత చేపముక్క వెచ్చబెట్టి తెచ్చి ఆమె వాడి మూతి దగ్గర పెట్టింది. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

“రేపు ఫోన్ చేస్తాను,” అంది.

“చెయ్యి,” అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఆమె పనికి వెళ్లలేదు. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ తన పెట్టెతో వచ్చింది. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఇన్‌స్పెక్టర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిగుళ్లు చూసింది, గుండె చప్పుడు వింది. అలవాటు ప్రకారం అడిగింది. “కిటికీ దానంతట అది ఎక్కుతోందా?”

మరకలక్క జవాబు చెప్పబోయింది. మేస్త్రి ఆమెను ఆపాడు.

“లేదమ్మా. నేనే ఎక్కిస్తున్నా. చాలా రోజుల్నించి. ఈవిడకి తెలీదు. తప్పు నాదే.”

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. ఏమంటుందోనని ఆయన భుజాలు ముడుచుకున్నాడు. “ఇప్పుడు చెప్పారుగా,” అంది ఆవిడ. “ఎక్కడుంటే వాడికి ఇష్టం?”

మొగుడూ పెళ్లాం ఇద్దరూ కిటికీ వైపు చూశారు. గట్టు మీద పరుపు వేశారు. మేస్త్రి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

“అలాగే ఉండనివ్వండి. వాడికి ఆ చేతులే అలవాటు,” అంది మరకలక్క.

ఆయన వంగి, ఒక చెయ్యి ఎద కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి, పక్కటెముకలు నొక్కుకోకుండా ఎత్తాడు. ఈసారి వాడు మూలగలేదు. ఎండ ఊచల సందుల్లోంచి వాడి మీద పడింది. మొదటి సూది నిద్రకి. వాడి తల మెల్లగా ఆయన అరచేతిలోకి వాలింది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్లారు, వాడి చెవి ఒకసారి అటు తిరిగింది. రెండో సూది వేసేముందు డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఇద్దరూ తలూపారు. అంతా అయ్యేసరికి ఎండ ఇంకా గట్టు మీదే ఉంది.

ఇంటి వెనక, పోస్టుమాస్టరూ కంపౌండరూ తహసీల్దారూ ఉన్న చోటనే గొయ్యి తీశారు. మామూలుగా అయితే మరకలక్క పిల్లిని శుభ్రంగా తుడిచి, ఉతికిన తువ్వాల్లో చుట్టేది. ఈసారి తువ్వాలు మాత్రం ఉతికింది. వాడి ఒంటి మీది నీలం తుడవలేదు.

ఆ మర్నాడు ఆమె పనికి వెళ్లింది. మూటలు విప్పింది, మరకలు చూసింది, చన్నీళ్లకివి వేణ్ణీళ్లకివి అని వేరు చేసింది. ఎవరైనా ఏమైందని అడిగితే ఏమీ లేదంది. సాయంత్రం ఇంటిదారి పట్టింది. మలుపు దగ్గర చూడకూడదని నిశ్చయించుకుని, తల దించుకుని, నేల చూసుకుంటూ నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, అలవాటు కొద్దీ తల దానంతట అదే లేచింది.

కిటికీ ఖాళీగా లేదు.

గట్టు మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. అంత పెద్ద మనిషి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, నీలం వేళ్లతో ఊచలు పట్టుకుని, వీధిలోకి చూస్తున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు. ఆయన వాళ్లని లెక్క చెయ్యడం లేదు.

ఆమె సంచీ కింద పెట్టలేదు. గబగబా కిటికీ కిందికి వచ్చి నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

“ఏమిటండీ ఇది? ఈ వయసులో అదెలా ఎక్కారు?”

“నా అంతట నేనే ఎక్కాను,” అన్నాడు మేస్త్రి. “ఎవరూ ఎత్తలేదు. దిగడానికి మాత్రం నువ్వు లోపలికి రావాలి.”